ఎకో విలేజీ లాభాలు, ఒక మురుగునీటి ఇంజనీరు అనుమానాలు

డర్బన్‌లో నేను పనిచేసినటువంటి కన్సల్టెన్సీ కంపెనీలోనే ఈ మధ్య ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మా ఊరి వాళ్ళ పిల్లే. పర్యావరణానికి మేలు చేసే కాలనీలు ప్లాన్ చేసే విభాగంలో వేశారట. ఫోన్ చేసి, "అంకుల్, మీరు ఈ పని మొదట్లోనే చేశారు కదా. అలాంటి కాలనీల్లో ఉంటే డబ్బుపరంగా, మనుషులపరంగా ఏం లాభాలో నాకొక పేజీ రాసిపెట్టరూ?" అని అడిగింది. రాయనమ్మా అన్నాను. పాపం, చిన్నబుచ్చుకుంది. అలాంటి పేజీ నేనొకసారి రాశాను. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టి మరీ రాశాను. అందుకే ఇప్పుడు ఆ ఒక్క పేజీకి బదులు ఇదంతా రాస్తున్నాను. నీతోపాటు చేరినవాళ్ళకి కూడా చూపించు తల్లీ.

నా పని ఏమిటంటే

సివిల్ ఇంజనీరునని గొప్పగా చెప్పుకునేవాణ్ణి గానీ, నేను చేసిందల్లా మురుగునీటి పని. ఇంట్లో వాడిన నీళ్ళు ఎటు పోవాలి, వానొస్తే రోడ్డు మీది నీళ్ళు ఎటు పోవాలి, అంతే. కాకినాడ దగ్గర ఒక మునిసిపాలిటీలో పదిహేనేళ్ళు అదే చేశాను. తొంభై నాలుగులో నల్లవాళ్ళు కూడా ఓటేసిన మొదటి ఎన్నికలయ్యాక దక్షిణాఫ్రికాలో ఇంజనీర్లు కావాలని ప్రకటన చూసి దరఖాస్తు పడేశాను. రమ్మన్నారు. నా భార్య సుజాత, మా అమ్మాయి, నేను సామాన్లు సర్దుకుని డర్బన్‌లో దిగాం.

అప్పుడు ఆ దేశంలో ఏ ఆఫీసుకి వెళ్ళినా కొత్త మాటలే. మొన్నమొన్నటిదాకా ఈ జాతికి ఈ ప్రాంతమని మ్యాపుల మీద గీతలు గీసినవాళ్ళే ఇప్పుడు కమ్యూనిటీ అంటున్నారు, కలిసి జీవించడం అంటున్నారు. వాటి వెనకే ఎకో అన్న మాట కూడా వచ్చింది. చెరకు తోటలు అమ్మకానికి వస్తున్నాయి, వాటిలో ఇళ్ళు లేస్తున్నాయి. ఇంటి మీద సోలార్ గీజరు, పక్కన వాన నీటి ట్యాంకు, మధ్యలో పార్కు ఉంటే చాలు, దాన్ని ఎకో విలేజీ అని పిలిచేవాళ్ళు. నాకు ఆ మాట విన్న మొదటి రోజు నుంచీ అనుమానమే. కానీ జీతం ఇచ్చేది ఆ మాటే కాబట్టి అనుమానాన్ని జేబులో పెట్టుకుని పనిలోకి దిగాను.

సూర్యుడు ఏ పక్కన

ముందు నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పేస్తాను. మొదటి ప్రాజెక్టులో సోలార్ గీజర్ల ప్లంబింగ్ కూడా నా నెత్తినే పడింది. ఇరవై ఇళ్ళకి డ్రాయింగులు గీశాను, అన్నిటికీ పలకలు కప్పుకి దక్షిణం పక్కన పెట్టాను. మన దగ్గర ఎండ దక్షిణం నుంచి పడుతుంది కదా, చేయి అలవాటుగా అటే పోయింది. అక్కడ భూమధ్యరేఖకు కింద ఉన్నామని, ఎండ ఉత్తరం నుంచి వస్తుందని నా బుర్రకి తట్టలేదు.

సైటు ఫోర్‌మన్ పేరు థెంబా. జూలూ మనిషి, ఇరవై ఏళ్ళుగా పైపులు వేస్తున్నవాడు, కాలేజీ ముఖం చూడలేదు. డ్రాయింగు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "రావ్, వచ్చేటప్పుడు మీ దేశం సూర్యుణ్ణి కూడా సూట్‌కేసులో పెట్టుకొచ్చావా?" అన్నాడు. కూలీలందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. డ్రాయింగులన్నీ మళ్ళీ గీశాను.

అప్పట్నుంచీ థెంబా ఏమన్నా చెవిన పెట్టేవాణ్ణని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. ఎండ విషయంలో విన్నాను, పైపుల విషయంలో విన్నాను. అంతకంటే పెద్ద విషయంలో మాత్రం వినలేదు.

నెవిల్

మా బాస్ నెవిల్ డర్బన్‌లోనే పుట్టి పెరిగిన తెల్లవాడు. మర్యాదస్తుడు. సుజాతకి జ్వరమొస్తే తన కార్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన మనిషి. అతని గదిలో గోడకి పాత డ్రాయింగు ఒకటి అద్దం కట్టించి ఉండేది. చాట్స్‌వర్త్ మురుగు లైన్లు. భారతీయుల కుటుంబాలని వాళ్ళ వాళ్ళ చోట్ల నుంచి లేపి, ఆ కొండల మీద వరసగా పెట్టెల్లాంటి ఇళ్ళు కట్టి దింపిన రోజుల్లో నెవిల్ కుర్ర ఇంజనీరు. ఆ లైన్లలో కొన్ని అతనే వేశాడు.

"మంచి డ్రైనేజీ, రావ్. నేను వేసిన చోట ఇప్పటికీ పొంగదు" అనేవాడు.

"వాళ్ళని అక్కడికి వస్తారా అని అడిగారా?" అన్నాను ఒకసారి.

"అది నా డిపార్ట్‌మెంటు కాదు" అన్నాడు. కోపంగా కాదు, టీ తాగుతూ మామూలుగా అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి సుజాతతో, చూడు ఎలాంటి మనిషో అని అరగంట తిట్టాను. నేను వేరే రకం అనుకున్నాను. నువ్వు కూడా మొదటి ఏడాది అలాగే అనుకుంటావు.

నెవిల్ దగ్గర నేర్చుకున్న ఒక పని మాత్రం పనికొచ్చేది. బ్రోషర్ ఎప్పుడూ ఒంటరిగా చదవకు. పక్కన అసలు డ్రాయింగు పరుచుకో. బ్రోషర్‌లో చెట్టు కింద పిల్లలు ఆడుకుంటున్న చోట డ్రాయింగులో ఏముందో వేలు పెట్టి చూడు. పంప్‌హౌస్ ఉండొచ్చు, ప్రహరీ ఉండొచ్చు. అది ఇంతకు ముందు ఎవరి స్థలమో డ్రాయింగులో కూడా ఉండదు. దానికి నువ్వే వెళ్ళి అడగాలి, అడిగిన మాట వాళ్ళకి అర్థమయ్యేటట్టు అడగాలి.

గుడి హాల్లో సభ

డర్బన్‌కి ఉత్తరాన వెరులం అనే ఊరు దాటాక ఒక నది ఒడ్డున చెరకు కంపెనీ స్థలంలో మా పెద్ద ప్రాజెక్టు వచ్చింది. మెట్ట మీద ఇళ్ళు, పల్లంలో నది. ఆ పల్లంలో తరతరాలుగా కూరగాయలు పండించుకుంటున్న తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళ తాతముత్తాతలు చెరకు కోతకి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. కూలీ ఒప్పందం తీరాక ఆ పల్లం కౌలుకి తీసుకుని అక్కడే ఉండిపోయారు. సరైన కౌలు కాగితాలు ఎవరి దగ్గరా లేవు.

వాళ్ళు పల్లం ఖాళీ చేస్తే, బదులుగా మెట్ట మీద ఎకో విలేజీలో ఒక్కో కుటుంబానికి ఒక్కో చిన్న ఇల్లు తక్కువ ధరకి ఇస్తామని చెరకు కంపెనీ చెప్పింది. అందరూ వాడుకునే తోట కూడా ఉంటుందంది. పర్యావరణ అనుమతి రావాలంటే ఈ సంగతి వాళ్ళకి వాళ్ళ భాషలో వివరించామని, వాళ్ళు ఒప్పుకున్నారని రికార్డు ఉండాలి.

"వాళ్ళు తెలుగువాళ్ళట. నీకంటే ఎవరు దొరుకుతారు, నువ్వే చెప్పు" అన్నాడు నెవిల్.

ఎగిరి గంతేశాను. పరాయి దేశంలో నా భాష విలువ పెరిగిందని సంబరం. వారం రోజులు రాత్రింబవళ్ళు తయారయ్యాను. ఆదివారం గుడి పక్కన హాల్లో సభ. ఇస్త్రీ చొక్కా వేసుకుని నలభై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. సౌరశక్తి వినియోగం, వర్షజల సంరక్షణ, సామూహిక ఉద్యానవనం, స్థానిక జాతి వృక్షసంపద, నివాసుల ఆర్థిక ప్రయోజనాలు, సామాజిక ప్రయోజనాలు. మా తెలుగు మేష్టారు వింటే వీపు తట్టేవారు.

మొదటి వరసలో డెబ్భై ఏళ్ళ ఆవిడ కూర్చుంది. పేరు అప్పల నర్సమ్మ, అందరూ నర్సమ్మ అవ్వ అంటారు. పసుపు పట్టిన వేళ్ళు. పల్లంలో అన్నిటికంటే దిగువ మడి ఆవిడదే. తమలపాకు, పసుపు, బంతిపూలు, కరివేపాకు, గోంగూర వేసేది. గట్టు మీద రెండు సిరింగా చెట్లు ఉండేవి. అక్కడ వేప దొరకదు. అమ్మవారి పూజలకి అక్కడి తెలుగువాళ్ళు, తమిళులు వేపకి బదులు ఈ సిరింగా రెమ్మలే వాడతారు. పూజల నెలల్లో నర్సమ్మ అవ్వ ఆ రెమ్మలూ ఆకులూ పూలూ కట్టలు కట్టి వెరులంలో అమ్మేది. ఏ ఇంట్లో పూజున్నా ముందు అవ్వ మడికి మనిషిని పంపేవాళ్ళు. ఆవిడ బతుకూ గౌరవమూ ఆ మడే.

నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నా ప్లాను ఎంత కదిలించిందో అనుకున్నాను. ఆఖర్న, "అందరికీ సమ్మతమేనా?" అన్నాను. అవ్వ రెండు చేతులూ జోడించి, "సరే అయ్యా" అంది. వెనకాల అందరూ సరే అయ్యా అన్నారు. ఒకావిడ పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. పొంగిపోయాను. అక్కడే కూర్చుని రికార్డులో రాశాను. మాతృభాషలో పూర్తిగా వివరించడమైనది, అందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. కింద వాళ్ళ సంతకాలు, వాటి కింద నాది.

మ్యాపులు మోసుకొచ్చిన థెంబాయే తిరుగు దారిలో వ్యాన్ నడిపాడు. వ్యాన్‌ని మెయిన్ రోడ్డు ఎక్కించాడు. తర్వాత, "రావ్, మీ భాష నాకు రాదు. కానీ వాళ్ళు నీ మాట విన్నట్టు లేదు" అన్నాడు.

"అదేంటి, అందరూ ఒప్పుకున్నారుగా?"

"చర్చిలో మా అమ్మ కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒక్కళ్ళు ప్రశ్న అడగలేదు. మా ఊళ్ళో ఒక బావి తవ్వుతామంటేనే పొద్దుగూకేదాకా కొట్టుకుంటారు. భూమి వదలమంటే కొబ్బరికాయ ఇస్తారా ఎవరైనా?"

నాకు ఒళ్ళు మండింది. "మావాళ్ళ సంగతి నాకు తెలుసులే" అన్నాను.

"యెబో" అన్నాడు థెంబా. సరే అని. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

రెల్లు ఎక్కడ వేయాలి

ఎకో విలేజీలో మురుగునీటిని రెల్లు మడిలోకి వదిలి శుభ్రం చేస్తారు. గులకరాళ్ళ మీద రెల్లు పెంచి, నీళ్ళు మెల్లగా దాని వేళ్ళ గుండా పోనిస్తే చాలావరకు తేటపడతాయి. మందులు అక్కర్లేదు, వాసన తక్కువ, చూడ్డానికి పచ్చగా ఉంటుంది. నీళ్ళు వాటంతటవే జారి రావాలంటే ఆ మడి అన్నిటికంటే దిగువన ఉండాలి. పక్కన గట్టు మీద పెట్టొచ్చు గానీ అప్పుడు మోటారు కావాలి, కరెంటు కావాలి.

దిగువ చోటు నర్సమ్మ మడి. అక్కడే గీశాను. ఇంజనీరింగ్ పరంగా ఆ చోటే సరైనదని ఇవాళ అడిగినా చెప్తాను. అంత సరైన డ్రాయింగు నా సర్వీసులో ఇంకోటి లేదు, దాన్ని తల్చుకుంటేనే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ముందు సిరింగా చెట్లు కొట్టించాం. అది పరాయి చెట్టు, నది ఒడ్డున స్థానిక మొక్కల్ని బతకనివ్వదు, తీసేయాల్సిన జాబితాలో ఉంది. అది నిజమే. కొడుతుంటే అవ్వ గట్టు మీద నిలబడి చూసింది. రెమ్మలు తీసుకెళ్తానంటే, తీసుకెళ్ళమ్మా అన్నాను, పెద్ద దాతలాగా. అవ్వ అడ్డుపడలేదు కదా, అంటే అర్థమయ్యే ఒప్పుకుందన్నమాట అనుకున్నాను. ఆవిడేమో పెద్దలు పూజ చేసి మొదలుపెట్టిన పనికి మధ్యలో అడ్డు చెప్పకూడదని నిలబడిందట. ఇది నాకు తర్వాత తెలిసింది.

లాభాలు నిజమే

అక్కడ నేనూ ఒక ఇల్లు కొనుక్కున్నాను. ఏడేళ్ళు ఉన్నాను. కాబట్టి లాభాలన్నీ అబద్ధమని చెప్తే నా నోరు పడిపోతుంది.

గీజర్ల పుణ్యమా అని కరెంటు బిల్లు నిజంగానే తగ్గింది. ఊళ్ళో నీళ్ళు ఆగిపోయిన రోజుల్లో మా ట్యాంకులో వాన నీళ్ళు ఉండేవి. కాపలా ఖర్చు, తోట ఖర్చు అందరం పంచుకునేవాళ్ళం. ఇంటి విలువ ఏటేటా పెరిగింది. పక్కింట్లో జూలూ డాక్టరమ్మ, ఎదురింట్లో తెల్ల టీచరు, ఇటు మేము. పదేళ్ళ కింద ఇలా పక్కపక్కన ఉంటే చట్టం ఒప్పుకునేది కాదు. మా అమ్మాయి ఆరు నెలల్లో జూలూలో తిట్లన్నీ నేర్చేసుకుంది, తర్వాత మంచి మాటలు కూడా నేర్చుకుంది. సుజాత సాయంత్రాలు ఒక్కతే నడకకి వెళ్ళేది. మేము డర్బన్‌లో దిగిన కొత్తలో అది ఊహకి కూడా అందేది కాదు.

కానీ మా గేటు బయట రోజూ పొద్దున్నే మా ఇళ్ళలో పనిచేసేవాళ్ళు కార్డులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఒకప్పుడు రంగు చూసి ఆపేవాళ్ళు, ఇప్పుడు కార్డు చూసి ఆపుతున్నారు. ఆ వరసలో నిలబడ్డవాళ్ళ రంగు మాత్రం మారలేదు. ఈ మాట మా కాలనీ కమిటీలో అంటే అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. కమిటీలో నన్నెందుకు వేశారంటావా? ఇంజనీరు ఉచితంగా దొరికాడు కదా, అందుకు.

ఉత్తరం

నర్సమ్మ అవ్వకి వచ్చిన ఇల్లు మా వీధి చివర. పల్లం ఖాళీ చేయించి తాళం ఇచ్చిన రోజు, తోట అందరిదీ, వాడుకోవచ్చని నేనే చెప్పాను. కూతురు రాణి, వెరులం క్లినిక్‌లో గుమాస్తా, ఆవిడతో ఉండేది. చేరిన కొద్ది నెలలకే అవ్వ ట్యాంకు పక్కన తమలపాకు తీగ పాకించింది. పెరట్లో పసుపు వేసింది. కొట్టేసిన సిరింగా గింజలు ఎక్కడ దాచిందో, రెండు మొలకలు లేచాయి. ఒక శనివారం పొద్దున్నే అందరి తోటలో ఒక మూల తవ్వి బంతి నారు పోసింది. పూజల నెల రాగానే గేటు దగ్గరికి జనం వచ్చి, అవ్వ ఆకులు కావాలని అడగడం మొదలుపెట్టారు.

కమిటీకి ఫిర్యాదులు వచ్చాయి. నిబంధనల పుస్తకంలో స్థానిక జాతి మొక్కలే పెంచాలని ఉంది, ఇంట్లోంచి అమ్మకాలు చేయకూడదని ఉంది. ముప్పై రోజుల్లో మొక్కలు తీసేయాలని నోటీసు తయారైంది. ముగ్గురం సంతకం పెట్టాం. నేను రెండో వాణ్ణి. సభలో చెప్పాం, ఒప్పుకుంది, ఇప్పుడు మాట తప్పింది అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం అవ్వ, రాణి మా ఇంటికి వచ్చారు. రాణి చేతిలో ఆ కాగితం. "అంకుల్, వాట్ ఈజ్ దిస్? తోటలో మొక్కలేసుకోవచ్చని మీరే చెప్పారంట కదా మా అమ్మకి" అంది, సగం ఇంగ్లీషు సగం తెలుగు.

"స్థానిక జాతి మొక్కలని ఆ రోజే చెప్పానమ్మా. అవ్వా, గుర్తు లేదా? తెలుగులోనే చెప్పాను కదా!"

అవ్వ నా ముఖంలోకి చూసింది. "సెప్పినావు నాయనా. బాగా సెప్పినావు. నాకేటీ అరదం కానేదు."

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"నాకొచ్చింది ఇంటి తెలుగు నాయనా. రా, పో, తిను, ఉప్పెయ్యి, సావు. పెద్ద తెలుగు మాకు పూజలోనే. మా నాయన పొత్తకం ఒట్టుకుని సదివేవోడు, నీ మాట అచ్చం అలగే ఉన్నాది. ఆయన ఎల్లిపోయినాక అలాటి తెలుగు నా సెవిన పడనేదు. ఏడుపొచ్చీసింది."

"అర్థం కాకపోతే అడగాలి కదవ్వా!"

"పూజ మద్దిలో లేసి ఏటంతన్నావు అని అడుగుతారేటి ఎవులన్నా? దండం పెడతారు. అయ్యినాక సరే అంతారు."

సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆ కొబ్బరికాయ నా ప్లానుకి కాదు, వాళ్ళ నాన్న గొంతుకి ఇచ్చారు. నేనేమో దాని పేరు అంగీకారం అని రాశాను.

"ఇప్పుడు నా ఆకులు ఎక్కడ ఎయ్యాల?" అంది అవ్వ.

రాణి చేతిలోంచి ఆ నోటీసు తీసుకున్నాను.

మర్నాడు నెవిల్ గదికి వెళ్ళి రికార్డు సరిచేయాలన్నాను. అతను తలుపు వేశాడు. "ఆ రికార్డు మీదే అనుమతి నిలబడి ఉంది. సంతకాలు వాళ్ళవే కదా?"

"ఏం అర్థమై పెట్టారో మనం అడగలేదు."

"అది మన డిపార్ట్‌మెంటు కాదు, రావ్."

ఇన్నాళ్ళూ ఆ మాట అతనిది అనుకున్నాను. 'మన' అన్నాడు చూడు, తప్పేమీ లేదు, అందులో నేనూ ఉన్నాను.

ఇంటికెళ్ళి ఉత్తరం రాశాను, అనుమతిచ్చిన ఆఫీసుకి ఒకటి, కమిటీకి ఒకటి. వాళ్ళకి అర్థం కాని భాషలో నేను మాట్లాడాను, వాళ్ళ మర్యాదని ఒప్పుదలగా రాశాను, ఆ రికార్డు చెల్లదు అని. పోస్టు చేయడానికి చేతులు రాక రెండు రోజులు బల్ల మీద ఉంచాను. "తప్పు చేసినప్పుడు లేని బెంగ చెప్పడానికి ఎందుకండీ?" అంది సుజాత. ఉత్తరాలు తీసుకెళ్ళి ఆవిడే డబ్బాలో పడేసింది.

మా కంపెనీ నన్ను పీకేయలేదు. డర్బన్‌కి దక్షిణాన ఇసిపింగోలో ఫ్యాక్టరీల మధ్య వాన కాలవల పనికి వేసింది, అంతే. కాలనీలో మాత్రం చాలామంది పలకరించడం మానేశారు. మన ఇళ్ళ ధరలు పడగొడతావా అని ఒకాయన గేటు దగ్గరే నిలదీశాడు. నా ఇల్లూ అందులోనే ఉందండీ అన్నాను. అయినా నమ్మలేదు.

రెండో సభ

అనుమతిచ్చిన ఆఫీసువాళ్ళు మళ్ళీ సభ పెట్టమన్నారు. అదే హాలు. ఈసారి రాణి నా పక్కన నిలబడింది. నేను ఒక్కో ముక్క చెప్పి ఆగేవాణ్ణి. తను దాన్ని ఇంగ్లీషులోకి, ఇంటి తెలుగులోకి, అక్కడక్కడ జూలూలోకి విరిచి చెప్పేది. ప్రశ్నలు వచ్చాయి. అబ్బో, ఎన్ని ప్రశ్నలు! కోడి పెంచొచ్చా, పూజకి డప్పు కొట్టొచ్చా, చుట్టాలొస్తే గేటు దగ్గర ఎందుకు ఆపుతున్నారు, నెలనెలా కట్టేది ఎవరు పెంచుతున్నారు. పొద్దున మొదలైంది మధ్యాహ్నం దాటినా తేలలేదు. థెంబా వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ఆఖర్న నర్సమ్మ అవ్వ లేచింది.

"నాను ఐకోనా అంతే నా మడి తిరిగొత్తాదా?"

ఐకోనా అంటే వద్దు, కాదు, కుదరదు. చెరకు తోటల్లో, గనుల్లో పుట్టిన మాట. ఆ హాల్లో ఉన్న తెల్లవాళ్ళకీ జూలూలకీ మనవాళ్ళకీ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నెవిల్ నా వైపు చూశాడు. కమిటీ పెద్దాయన నా వైపు చూశాడు. ఆవిడ మడిలో రెల్లు మనిషెత్తు పెరిగి ఉంది. అన్ని ఇళ్ళ నీళ్ళూ దానిలోకే పోతున్నాయి.

"రాదవ్వా" అన్నాను.

"పక్కన?"

"పక్కనంతా అమ్మేశారు."

"ఇంటెనకాల?"

రాణి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. కమిటీ పెద్దాయన లేచి, నిబంధన అందరికీ ఒకటేనని, జాబితాలో ఉన్న మొక్కలే వేయాలని చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పాడు.

అవ్వ నా చేతిలోని కాగితం వైపు వేలు చూపించింది. "అయితే రాయి. నర్సమ్మ ఐకోనా అన్నాదని రాయి."

"దానివల్ల ఇప్పుడు ఏమీ మారదమ్మా" అన్నాడు పెద్దాయన.

"మారదని తెల్సు. రాయి నాయనా."

రాశాను.

"సదువు."

చదివాను.

"ఇంగిలీసులో సదువు. ఆ బాబుకి ఇనబడాల."

నెవిల్ వైపు తిరిగి ఇంగ్లీషులో చదివాను. అతను తల దించుకున్నాడు. అవ్వ కూర్చుంది. తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి, వాళ్ళ వాళ్ళ పేరు చెప్పి రాయించారు. ఇల్లు బాగుంది, ఉంటామన్నవాళ్ళు ముగ్గురు ఉన్నారు. అది కూడా రాశాను. అనుమతి రద్దు కాలేదు. ఫైల్లో కొత్త కాగితం ఒకటి చేరింది, అంతే.

అవ్వ ఇల్లు అమ్మేసింది. వెరులంలో కొట్ల పైన రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. మట్టి లేదు, సిమెంటు బాల్కనీ. కట్టలు కట్టడం మానేసిందని, పూజలవాళ్ళు ఇప్పుడు డర్బన్ మార్కెట్‌కి పోతున్నారని రాణి చెప్పింది. ఇల్లు కొనుక్కున్న దంపతులు మంచివాళ్ళే. పెరట్లో కలబంద వేశారు, జాబితాలో ఉన్నదే. ధర కూడా అవ్వకి బాగానే వచ్చింది, ఆ మాట దాచను. డబ్బుపరంగా లాభమేమిటని అడిగావు కదా, అదీ లాభమే. ఆ డబ్బుతో ఆవిడ ఆ చుట్టుపక్కల ఎక్కడా మడి కొనుక్కోలేకపోయింది.

ఇల్లు ఖాళీ చేసే ముందు, అమ్మకం కాగితాల మీద సాక్షి సంతకం కావాలని అవ్వ నాకు కబురు పెట్టింది. వెళ్ళాను. గదుల నిండా మూటలు, అట్టపెట్టెలు. "ఇంకెవరూ దొరకలేదా అవ్వా?" అన్నాను.

"దొరుకుతారు. సరే అన్న కాయితం మీద నీ సెయ్యి ఉన్నాది. ఎల్లిపోతన్న కాయితం మీద కూడా నీదే ఉండాల" అంది.

ఆ ఇంటికి అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళినా ఏదో ఒకటి తినిపించకుండా పంపిన మనిషి కాదు. ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు. నిలబడే సంతకం పెట్టి వచ్చేశాను.